రాజుగారి కుడిచెయ్యి

బుడాపెస్ట్ నడిబొడ్డున ఉన్న పెద్ద గుడిలో హంగరీ రాజు స్తెఫానుగారి కుడిచెయ్యి ఉంది. బొమ్మ కాదు, వెండితో పోత పోసిందీ కాదు, నిజం చెయ్యే. ఆ రాజు పోయింది 1038 ఆగస్టు 15న. ఏటా ఆగస్టు 20న ఆ చేతిని బయటికి తెచ్చి వీధుల్లో ఊరేగిస్తారు. వియన్నాలో ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ సంగతి విన్నాను. కానీ గుంటూరు నుంచి మా పిన్ని వచ్చేదాకా వెళ్ళడం కుదరలేదు. ఫిబ్రవరి 11న గుణదల మరియమాత కొండ ఎక్కకపోతే ఆ ఏడాదంతా పిన్నికి మనసు మనసులో ఉండదు. "రైల్లో మూడు గంటలు కూడా పట్టదంటున్నావ్, ఇంకా ఆలోచిస్తావేంట్రా" అని తనే సంచి సర్దేసింది.

రైలు కదిలాక అడిగింది. "స్తెఫాను అంటే బైబిల్లో రాళ్ళతో కొట్టి చంపారే, ఆయనే కదా?"

"కాదు పిన్నీ, ఆ పునీతుడి పేరు పెట్టుకున్న రాజు."

పుట్టినప్పుడు ఆయన పేరు వాయ్క్. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు స్తెఫాను, వాళ్ళ భాషలో ఇష్ట్వాన్. హంగేరియన్లు గుర్రాల మీద వచ్చి ఆ మైదానంలో స్థిరపడి అప్పటికి నూరేళ్ళు. తండ్రి గేజా పేరుకి క్రైస్తవుడయ్యాడు గానీ పాత దేవుళ్ళకు బలులివ్వడం మానలేదు. చర్చి గురువులు అభ్యంతరం చెబితే, ఇద్దరికీ ఇచ్చుకునేంత ఆస్తి నాకుంది అన్నాడట. ఇది అప్పటి జర్మన్ బిషప్ ఒకాయన రాసిపెట్టిన మాట. పిన్ని పకపకా నవ్వింది. "మన ఊళ్ళోనూ ఉన్నార్లే అట్టాంటోళ్ళు" అంది. ఎవరెవరో పేర్లతో సహా చెప్పింది, అవిక్కడ రాయను.

ముందు సేకెష్‌ఫెహేర్‌వార్ వెళ్ళాం. బుడాపెస్ట్ దక్షిణ స్టేషన్ నుంచి రైలు, దారిలో కాసేపు వెలెన్సె సరస్సు కిటికీ పక్కనే వస్తుంది. చిన్న ఊరు, శుభ్రంగా ఉంది. స్తెఫాను అక్కడ మరియమాత పేరున పెద్ద గుడి కట్టించాడు. ఐదు వందల ఏళ్ళ పాటు హంగరీ రాజుల పట్టాభిషేకాలు అందులోనే జరిగాయి, 15 మంది రాజుల్ని అక్కడే పాతిపెట్టారు. ఇప్పుడు చూద్దామంటే గుడి లేదు. 1543లో ఊరు తురుష్కుల చేతికి వెళ్ళింది. గుడిలో దాచిన తుపాకిమందు 1601 యుద్ధంలో పేలిపోయింది. మిగిలిన రాళ్ళను తర్వాత బిషప్ గారి భవనం కట్టడానికి తోలుకెళ్ళారు. మిగిలింది పునాదులే. ఎండలో ఆ పునాది గోడల మధ్య తిరుగుతుంటే, మన కూర్చునే అరుగంత ఎత్తు కూడా లేని ఈ గోడల దగ్గరా కిరీటాలు పెట్టుకుంది అనిపించింది.

అక్కడే ఒక రాతి శవపేటిక ఉంది. స్తెఫానుదే అని ఎక్కువమంది పండితుల నమ్మకం. రోమన్ల కాలపు రాయిని తీసుకుని పదకొండో శతాబ్దంలో మళ్ళీ చెక్కారు. దాని చిన్నవైపు ఒక దేవదూత, చేతుల్లో పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ. ఆ బిడ్డ పోయిన మనిషి ఆత్మ. అరవై దాటి పోయిన రాజు, లెక్క తేలని యుద్ధాలు చేసినవాడు, అక్కడ నెలల పిల్లాడై దేవదూత ఒళ్ళో ఉన్నాడు. పిన్ని ఆ రాయి దగ్గర చాలాసేపు నిలబడింది. జపమాల తీసి ఒక వరస పూర్తి చేసింది. నేను నీడ చూసుకుని కూర్చున్నాను.

ఆయన యుద్ధాల సంగతి చెప్పక తప్పదు. 997లో గేజా పోగానే కొప్పాన్ అనే బంధువు రాజ్యం నాది అన్నాడు. వంశంలో పెద్దవాడికే అధికారం, పోయినవాడి భార్యను కూడా అతనే చేసుకోవాలి, అది వాళ్ళ పాత ఆచారం. అంటే స్తెఫాను తల్లిని. జర్మన్ రౌతుల సాయంతో స్తెఫాను అతన్ని ఓడించి చంపించాడు. శవాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు కోటల గుమ్మాలకు వేలాడదీశారు. క్రీ.శ. 1000 క్రిస్మస్ నాడో, 1001 మొదటి రోజునో పట్టాభిషేకం జరిగింది. కిరీటం పోపు రెండవ సిల్వెస్టర్ పంపాడని అక్కడివాళ్ళ నమ్మకం.

తర్వాత చట్టాలు చేశాడు. ప్రతి పది ఊళ్ళూ కలిసి ఒక గుడి కట్టాలి. పూజ వస్త్రాలు రాజు ఇస్తాడు, పుస్తకాలు బిషప్ ఇస్తాడు. ఆదివారం ఎద్దులతో పని చేస్తే ఆ ఎద్దుని లాక్కుని కోటలో వాళ్ళకు కూర కింద పెట్టేస్తారు. పూజ జరుగుతుంటే కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్ళని చీవాట్లు పెట్టి గుడిలోంచి పంపేస్తారు. మామూలు జనమైతే కొరడా దెబ్బలు, గుండు. ఇది చదివి వినిపిస్తే పిన్ని, "మన గుడిలో పెడితే ఒక్కళ్ళకీ జుట్టు మిగలదు" అంది.

అదే మనిషి యాత్రికుల కోసం చేసింది చూస్తే వేరే మనిషి అనిపిస్తుంది. యెరూషలేము వెళ్ళే జనానికి తన రాజ్యం మీదుగా నడకదారి తెరిచాడు. అంతకు ముందు వాళ్ళు సముద్రం మీద పోవాల్సిందే. రోములో, యెరూషలేములో హంగరీ నుంచి వచ్చేవాళ్ళు దిగడానికి సత్రాలు కట్టించాడు. కొడుకు ఇమ్రె కోసం రాయించిన బుద్ధిమాటల పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం బయటినుంచి వచ్చేవాళ్ళ గురించే. ఒకే భాష, ఒకే ఆచారం ఉన్న రాజ్యం బలహీనం, ఇట్టే విరిగిపోతుంది, అతిథుల్ని మంచిగా చూసుకో అని అందులో ఉంది. ఏటా వీసా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే నాబోటివాడికి వెయ్యేళ్ళ నాటి ఈ మాట కొంచెం గట్టిగానే తగులుతుంది. ఇవాళ ఆ దేశంలో ఈ వాక్యాన్ని ఎవరు ఎటు లాగుతున్నారన్నది వేరే గొడవ, అది పెట్టుకుంటే యాత్ర సాగదు.

ఆ బుద్ధులు విని రాజ్యం ఏలాల్సిన ఇమ్రె 1031లో వేటలో అడవిపంది పొడిచి చనిపోయాడు. మిగిలిన పిల్లలంతా అంతకుముందే పోయారు. ఇక వారసుడు లేడు. దగ్గరి మగ బంధువు వజూల్ ఉన్నాడు గానీ అతన్ని రాజ్యానికి పనికిరాకుండా చేశారు. కళ్ళు పొడిపించి, చెవుల్లో కరిగిన సీసం పోశారు. ఇది రాణి గిజెల్లా చేయించిందని ఒక వృత్తాంతం అంటుంది, స్తెఫానే చేయించాడని ఇంకోటి. వజూల్ ముగ్గురు కొడుకులూ దేశం విడిచి పారిపోయారు.

ఇది చెబుతున్నప్పుడు మేం బుడాపెస్ట్‌కి తిరిగొచ్చే రైల్లో ఉన్నాం. పిన్ని మాట్లాడలేదు. కాసేపయ్యాక "ఇట్టాంటాయనకా మనం మొక్కేది?" అంది. నా దగ్గర జవాబు లేదు. కానీ తర్వాతి సంగతి చెప్పాను. నన్నడిగితే ఈ మొత్తం కథలో విచిత్రం అదే.

స్తెఫానుని 1083లో పునీతుడిగా ప్రకటింపజేసింది లాస్లో రాజు. ఆ లాస్లో ఎవరో కాదు, కళ్ళు పోయిన వజూల్‌కి సొంత మనవడు.

అప్పటి కథ ఇలా ఉంటుంది. సమాధి తెరుద్దామని మూడు రోజులు ఉపవాసం ఉన్నారు. మీద కప్పిన రాయి ఎంతమంది పట్టినా కదల్లేదు. అప్పటికి లాస్లో రాజ్యం కోసం తన పెదనాన్న కొడుకు సొలోమోనుని విషెగ్రాద్ కోటలో బంధించి ఉన్నాడు. కరితాస్ అనే సన్యాసిని, ఆ ఖైదీని వదిలితే గానీ రాయి లేవదని చెప్పింది. వదిలిపెట్టాడు. రాయి అవలీలగా లేచింది. జరిగిందో లేదో నాకు తెలియదు గానీ, రాజకీయం తెలిసిన సన్యాసిని అని మాత్రం ఒప్పుకోవాలి.

రాయి లేచాక చూస్తే కుడిచెయ్యి లేదు. అంతకుముందే మెర్కూరియస్ అనే గురువు తీసుకెళ్ళి తన సొంత మఠంలో దాచుకున్నాడు. లాస్లో అతన్ని క్షమించి అక్కడే ఒక మఠం కట్టించాడు. ఆ ఊరు ఇప్పుడు రొమేనియాలో ఉంది. తురుష్కుల కాలంలో చెయ్యి అడ్రియాటిక్ తీరాన రగూసాకి, అంటే ఇప్పటి దుబ్రోవ్నిక్‌కి చేరింది. 1771లో మరియా తెరెసా రాణి దాన్ని వెనక్కి తెప్పించింది. రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా వైపు తరలించి దాచారు. 1945 ఆగస్టులో అమెరికన్ సైన్యం వాళ్ళు తెచ్చి అప్పగించారు, సరిగ్గా ఊరేగింపు ముందు.

పెద్ద గుడికి ఆ సాయంత్రమే వెళ్ళాం. 1851లో మొదలుపెట్టి 1905కి గానీ పూర్తికాని కట్టడం. మధ్యలో గుమ్మటం కూలింది కూడా. ఎత్తు 96 మీటర్లు. హంగేరియన్లు ఆ దేశానికి వచ్చింది 896లో, అందుకే ఆ అంకె. లోపల ప్రధాన పీఠం మీద క్రీస్తు స్వరూపం ఉండాల్సిన చోట తెల్లని పాలరాతి స్తెఫాను నిలబడి ఉన్నాడు. పిన్నికి అది నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

చెయ్యి ఉన్నది వెనక వైపు చిన్న ప్రార్థనాలయంలో. బంగారు పూత గోపురాలున్న గాజు పేటికలో పెట్టారు. పక్కన నాణెం వేసే పెట్టె. నాణెం పడితే లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. "దేవుడి దగ్గర కరెంటు బిల్లు కూడా మనదేనా" అని గొణుగుతూనే పిన్ని నాణెం వేసింది.

లైటు వెలిగింది. నల్లగా, గోధుమరంగు కలిసి, ఎండిన శొంఠికొమ్ములా ఉంది. మణికట్టు చుట్టూ రాళ్ళు పొదిగిన పట్టీ. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. గోళ్ళ చోట్లు కూడా తెలుస్తున్నాయి. ఆ చెయ్యి చెడిపోకుండా ఉండటానికి కారణం ఆయన చేసిన దానధర్మాలే అని పాత జీవితచరిత్ర అంటుంది. రాత్రుళ్ళు మారువేషంలో బిచ్చగాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడట. ఒకరోజు వాళ్ళు డబ్బుల సంచి లాక్కుని, గడ్డం కూడా పీకి పంపిస్తే, మరియమాత ముందు మోకరించి, నీ కొడుకు మనుషులే నన్నిలా గౌరవించారమ్మా అని సంతోషపడ్డాడట.

"దానం చేసిన చెయ్యంటున్నావ్. మరి పిడికిలి బిగించి ఉందేంరా?"

లైటు ఆరిపోయింది. ఇంకో నాణెం వేశాం.

మర్నాడు 20వ తేదీ. పొద్దున్నే పార్లమెంటు ముందు జెండా వందనం, సైనికులు. లోపల స్తెఫాను కిరీటం చూద్దామని వెళితే క్యూ నది ఒడ్డుదాకా ఉంది, వదిలేశాం. ఆయన పేరు చెప్పుకుంటారు గానీ ఇప్పుడున్న కిరీటంలో కింది భాగం ఆయన పోయాక 1070లలో గ్రీకులు చేసింది. పైన శిలువ పక్కకి ఒరిగి ఉంటుంది. యుద్ధం తర్వాత అమెరికా పట్టుకుపోయి 1978లో తిరిగిచ్చింది. ఫొటోల్లో చూశాం, చాలు.

సాయంత్రం గుడి ముందు మైదానంలో పూజ. భాష అర్థం కాకపోయినా ఎక్కడ లేవాలో, ఎక్కడ మోకరించాలో పిన్నికి తెలుసు, నేనే తడబడ్డాను. మూడు రంగుల రిబ్బను చుట్టిన కొత్త పంట రొట్టెని ఆశీర్వదించారు. తర్వాత ఊరేగింపు. నల్ల వస్త్రాలవాళ్ళు, తెల్ల వస్త్రాలవాళ్ళు, కుట్టుపని లంగాల్లో పల్లెటూరి ఆడవాళ్ళు, పాతకాలపు యూనిఫాం వేసుకున్న కాపలావాళ్ళు, వాళ్ళ మధ్య భుజాల మీద పేటిక. బాగా ముసలావిడ ఒకావిడ మా పక్కన నడుస్తూ నాతో జర్మన్‌లో మాట కలిపింది. కమ్యూనిస్టుల కాలంలో ఇది రాజ్యాంగ దినం, కొత్త రొట్టె పండుగ అంతేనట, స్తెఫాను పేరు ఎత్తేవాళ్ళు కాదట. ఊరేగింపు మళ్ళీ 1989లో మొదలైనప్పుడు తన భర్త చంటిపిల్లని భుజాన ఎక్కించుకుని వచ్చాడని చెప్పింది. నేను తెలుగులో చెబుతుంటే పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో గానీ ఊరేగింపు అయ్యేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

రాత్రి డాన్యూబ్ మీద బాణసంచా. లక్షల జనం, తోపులాట, వంతెనలన్నీ మూసేశారు. నాకు టెన్షన్ పట్టుకుంది, పిన్ని మాత్రం కేకు తింటోంది. ఏటా ఈ పండుగకి పోటీ పెట్టి ఒక కొత్త కేకుని దేశపు కేకుగా ప్రకటిస్తారు.

"ఇంతకీ ఆ రాణి ఏమైందిరా? పిల్లలూ పోయారు, మొగుడూ పోయాడు."

గిజెల్లా బవేరియా ఆడపడుచు. స్తెఫాను పోయాక కొత్త రాజు ఆవిడ ఆస్తి లాక్కున్నాడు. కొన్నేళ్ళకి జర్మనీ వెళ్ళిపోయి పస్సావు ఊళ్ళో సన్యాసినుల మఠంలో చేరింది. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది, హంగరీ నుంచి జనం వెళ్ళి రిబ్బన్లు కట్టి వస్తుంటారు.

"అది మీ ఊరికి ఎంత దూరం?"

"ఇటు కాదు, అటు వైపు. రైల్లో రెండున్నర గంటలు."

"నేను వెళ్ళేది వచ్చే నెల కదా," అంది పిన్ని, చేతికంటిన క్రీము తుడుచుకుంటూ. "శనివారం నీకు సెలవే."