వేక్‌బోర్డింగ్ బోటు పరీక్ష: మూడోసారికి గట్టెక్కాను

నిన్న సాయంత్రం పాసయ్యాను. వేక్‌బోర్డింగ్ అంటే కాళ్లకి బోర్డు కట్టుకుని, బోటు లాగే తాడు పట్టుకుని నీళ్ల మీద జారే ఆట. ఆ బోటు నడిపే పరీక్షలో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. వేడి చల్లారకముందే రాస్తున్నాను, ఎందుకంటే నాకు తెలియాల్సిన ఒక్క ముక్క ఎవరూ ముందు చెప్పలేదు.

రాతపరీక్ష సులువు, వారం చదివితే చాలు. నేరుగా నడపడం కూడా పెద్ద కష్టమేం కాదు. గంటకు 35 కిలోమీటర్ల దగ్గర వేగం నిలకడగా పట్టుకుని, అవతలి ఒడ్డున ఒక చెట్టుని గురిపెట్టుకుని పోవడమే. రైడర్ పడితే గిర్రున తిప్పకూడదు. అలా తిప్పితే లేచిన అలలు నీళ్లన్నీ చెడగొడతాయి. థ్రాటిల్ తగ్గించి, నెమ్మదిగా వెనక్కి రావాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నీళ్లలో ఉన్న మనిషిని మీరు కూర్చున్న వైపుకే ఉంచుకోండి, దగ్గరకు రాగానే ఇంజిన్ ఆపేయండి. న్యూట్రల్ చాలదు. ఇంజిన్ నడుస్తుండగా వెనక ప్లాట్‌ఫామ్ మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. నాతో నేర్చుకున్న ఇద్దరు దీన్ని తేలిగ్గా తీసుకున్నారు. ప్రాణాలతో ఆ తేలిక పనికిరాదు.

బరువు సర్దడం నాకు బాగా నచ్చిన పాఠం. అల పెద్దగా లేవడానికి బోటులో బరువు కోసం నీళ్లు నింపే ట్యాంకులుంటాయి. వాటిల్లో నీళ్లు సమానంగానే నింపినా, మా ఎడమ పక్క అల తెల్లటి నురగగా విరిగిపోయేది. కుడి అల మాత్రం గాజులా నున్నగా వచ్చేది. కారణం చూస్తే నడిపేవాడి సీటు కుడివైపే, పైగా మిత్రులిద్దరూ నా వెనకాలే కూర్చున్నారు. బోటు కుడికి ఒరిగింది. ఒకణ్ణి ఎడమకి జరిపితే నురగ పోయింది. వెనక బరువు పెంచితే అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. ముందుకి జరిపితే పొడవుగా, వాలుగా వస్తుంది. కొత్త రైడర్లకి ఆ వాలే మేలు. ఇది నేను రెండు రోజుల్లో పట్టేశాను, మా బ్యాచ్‌లో అందరికంటే ముందు.

ఇక జెట్టీ సంగతి.

మొదటి పరీక్షలో బోటు ఎడమ పక్కని జెట్టీకి ఆనించమన్నారు. నెమ్మదిగానే వచ్చాను. ఆపడానికి రివర్స్ వేసి, వెనుక భాగం ఎడమకి రావాలని స్టీరింగ్ ఎడమకి తిప్పాను. అది కుడికి పోయింది. ఇంకా తిప్పాను, కాస్త థ్రాటిల్ ఇచ్చాను, ఇంకా కుడికి పోయింది. ముక్కు వెళ్లి జెట్టీ కొయ్యకి ధడేలున గుద్దుకుంది. "ఏమయ్యా, స్టీరింగ్ తిప్పు! తిప్పవయ్యా!" అని శిక్షకుడు ఒడ్డున నిలబడి అరుస్తున్నారు. నేను తిప్పుతూనే ఉన్నాను. చక్రం అప్పటికే చివరికంటా వచ్చి ఆగిపోయింది. ఆఖరికి ఆయనే బోటులోకి దిగి నా చేతుల్లోంచి స్టీరింగ్ లాక్కున్నారు. ఎందుకలా జరిగిందో ఒక్క మాట చెప్పలేదు. నలుగురి ముందు అలా లాక్కుంటే ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

రెండోసారి టెన్షన్‌లో ట్యాంకులు ఖాళీ చేయకుండానే వచ్చేశాను. లీటరు నీళ్లంటే కిలో. 800 లీటర్లంటే 800 కిలోల బరువు. అలాంటి బోటు అనుకున్న చోట ఆగదు. మళ్లీ అదే అరుపు.

చివరికి నాకు దారి చూపించింది షెడ్డులో పనిచేసే మెకానిక్ పెద్దాయన. "బాబూ, ఈ బోటుకి రివర్స్‌లో చుక్కాని పనిచేయదు. నువ్వు తిప్పి ఏం లాభం?" అన్నాడు. ముందుకు పోయేటప్పుడు ప్రొపెల్లర్ నీళ్లని చుక్కాని మీదకి తోస్తుంది, అందుకే బోటు మాట వింటుంది. రివర్స్‌లో ఆ నీళ్లు బోటు అడుగుకి పోతాయి, చుక్కానికి తగలవు. పైగా ప్రొపెల్లర్ తిరిగే దిశని బట్టి వెనుక భాగం ఏదో ఒక పక్కకి జరుగుతుంది. మాది ఎడమ తిరుగుడు ప్రొపెల్లర్ (ముందుకు పోయేటప్పుడు వెనక నుంచి చూస్తే ఎడమకి తిరిగేది), కాబట్టి రివర్స్‌లో కుడికే పోతుంది.

గాలి లేనప్పుడు మధ్య నీళ్లలోకి తీసుకెళ్లి, స్టీరింగ్ నేరుగా పెట్టి రివర్స్ వేయమన్నాడు. ఐదారు సెకన్లలో వెనుక భాగం కుడికి జరగడం కళ్లారా చూశాను. మీ బోటు ఏదైనా ముందు ఈ పరీక్ష చేసుకోండి. అది ఎటు జరుగుతుందో ఆ పక్కే జెట్టీకి ఆనించడం తేలిక. కాస్త ఏటవాలుగా వచ్చి రివర్స్ తగిలిస్తే, వెనుక భాగం తనంతట తనే జెట్టీ వైపు ఒదుగుతుంది. రెండో పక్కకి ఆనించాలంటే దాదాపు జెట్టీకి సమాంతరంగా, బాగా నెమ్మదిగా రావాలి. స్టీరింగ్ జెట్టీకి అవతలి వైపు పూర్తిగా తిప్పి, ముందు గేరు ఒక్క క్షణం వేసి తీసేస్తే వెనుక భాగం లోపలికి వస్తుంది.

ఆ నెలంతా సాయంత్రాలు షెడ్డులోనే గడిపాను. ఇంపెల్లర్ అని అరచేతిలో పట్టే రబ్బరు చక్రం, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు లాగేది అదే. రెక్క విరిగితే కొత్తది వేసి ఊరుకోకూడదు, విరిగిన ముక్క కూడా వెతికి తీయాలి. లేదంటే అది నీళ్ల దారికి అడ్డం పడుతుంది. స్టార్ట్ చేసే ముందు బ్లోవర్, అంటే ఇంజిన్ గదిలోని పెట్రోల్ ఆవిర్లని బయటికి తోసే ఫ్యాన్, కనీసం 4 నిమిషాలు నడపడం కూడా ఆయన దగ్గరే అలవాటైంది.

నిన్న మళ్లీ ఎడమ పక్కే అడిగారు. ట్యాంకులు ఖాళీ. సమాంతరంగా వచ్చాను, కుడికి పూర్తిగా తిప్పాను, గేరు ఒక్క క్షణం వేసి తీశాను. బోటు పక్కన దెబ్బ తగలకుండా వేలాడదీసే ఫెండర్ జెట్టీకి ఆనినప్పుడు చప్పుడు కూడా రాలేదు. శిక్షకుడు తాడు అందుకుని, ఏమీ అనకుండా కాగితం మీద సంతకం పెట్టారు.

నేను నేరుగా షెడ్డుకి వెళ్లాను. పెద్దాయన ఇంకో బోటు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. విషయం చెప్పి, పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాను.