మాత్ర మింగాక ఆ అరగంట

మాత్ర గొంతు దిగితే కడుపులోకి చేరినట్టేనని దాదాపు అందరమూ అనుకుంటాం. పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే అన్నవాహికను ముద్ద కొన్ని సెకన్లలోనే దాటేస్తుంది కాబట్టి ఆ నమ్మకం సహజమే. కానీ ఒక్క గుక్క నీటితోనో, అసలు నీళ్లే లేకుండానో మింగిన మాత్ర, ముఖ్యంగా జెలటిన్ తొడుగున్న క్యాప్సూల్, అన్నవాహిక లోపలి పొరకు అతుక్కుని అక్కడే కరగడం మొదలుపెట్టవచ్చు. మింగిన మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా.

కడుపు గోడకు ఆమ్లాన్ని తట్టుకునే ఏర్పాటు ఉంది. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ కరిగినచోట గాఢమైన ఆమ్ల ద్రావణం ఏర్పడి పొరను కాలుస్తుంది. పొటాషియం క్లోరైడ్ ఒకేచోట కరిగితే చిక్కటి ఉప్పునీరై కణాలలోని నీటిని లాగేస్తుంది. ఐరన్ మాత్రలు, ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, విటమిన్ సి కూడా ఇలా పుండ్లు చేయగలవు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని వంపు అన్నవాహికను ఆనుకుని కాస్త నొక్కే చోటు దగ్గర మాత్రలు ఎక్కువగా ఆగుతాయి. గుండె ఎడమ కర్ణిక, అంటే ఎడమవైపు పై గది, పెరిగినవారికి మరికొంత కిందనూ ఆ ఇరుకు ఏర్పడుతుంది.

మందుల చీటీ మీద 'భోజనానికి ముందు', 'భోజనం తర్వాత' అని రాస్తారు గానీ, ఎన్ని నీళ్లతో మింగాలో, మింగాక ఎంతసేపు కూర్చోవాలో రాయడం అరుదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది 'రాత్రి పడుకునే ముందు' అన్న మాట. దాన్ని చదివినవారు దీపం ఆర్పబోతూ మాత్ర నోట్లో వేసుకుని వెంటనే నడుం వాలుస్తారు. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గుతుంది, మింగడం దాదాపు ఆగిపోతుంది, పడుకున్న ఒంటికి భూమ్యాకర్షణ సాయమూ ఉండదు. అంటే ఇరుక్కున్న మాత్రను కిందికి తోసే శక్తులన్నీ ఒకేసారి సన్నగిల్లుతాయి. పడుకోవడానికి కనీసం అరగంట ముందు, నిండు గ్లాసు నీటితో వేసుకోవాలని ఆ చీటీలో స్పష్టంగా రాయాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే అలెండ్రోనేట్ విషయంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో త్వరగానే తెలిసివచ్చింది. అమెరికాలో 1995లో దానికి అనుమతి లభించగా, మరుసటి ఏడాదే తీవ్రమైన అన్నవాహిక గాయాల వివరాలు వైద్య పత్రికలో వెలువడ్డాయి. పరగడుపున 180 నుంచి 240 మిల్లీలీటర్ల మామూలు నీటితో మింగి, కనీసం 30 నిమిషాలు నిటారుగా కూర్చోవాలని, లేదా నిలబడాలని ఇప్పుడు ఆ మందుతోపాటు చెబుతారు.

గాయమైతే కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో రొమ్ము ఎముక వెనక నొప్పి పుడుతుంది. మింగిన ప్రతిసారీ, ఒక్కోసారి ఉమ్మి మింగినా, అది పొడుచుకొస్తుంది. ఛాతీ నొప్పిని మాత్ర వల్లేనని ఎవరూ సొంతంగా తేల్చుకోకూడదు, గుండెపోటు కాదని వైద్యుడే నిర్ధారించాలి. రక్తం వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా, ఏమీ మింగలేకపోయినా ఆలస్యం చేయకూడదు. కారణమైన మందును వైద్యుని సలహాతో ఆపితే చాలామందికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో పుండు మానుతుంది. గాయం లోతైనప్పుడు మాత్రం అన్నవాహిక ముడుచుకుని శాశ్వతంగా ఇరుకు కావచ్చు.

మంచం పట్టిన వారికి మందులు వేసేవారికి నాదొక విన్నపం. ముందుగా వారిని లేపి కూర్చోబెట్టి, ఒక గుక్క నీటితో గొంతు తడిపి, తర్వాతే మాత్ర ఇవ్వండి. ఒకటి దిగాక మరొకటి, మళ్లీ నీళ్లతో. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీరు తగ్గించమన్న వారికి ఎంత ఇవ్వవచ్చో ముందే అడిగి ఉంచుకోవాలి. కూర్చోలేని వారికి అదే మందు ద్రవరూపంలో దొరుకుతుందేమో వైద్యుణ్ణి అడగండి గానీ మాత్రను మీరే పొడి చేయకండి, ఎందుకంటే నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రలను నలిపితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది.