హార్డ్‌షిప్ పే ఇచ్చి, చేతికి రాని డబ్బు కూడా వెనక్కి కట్టమన్నారు – నా అనుభవం

నిన్న రాత్రి మెయిల్ వచ్చింది, నా వెయివర్ (బాకీ మాఫీ అర్జీ) ఒప్పుకున్నారు. నెలల తరబడి నిద్ర పాడుచేసిన వ్యవహారం, అందుకే వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నా. మనవాళ్ళు చాలామంది ఇప్పుడు అమెరికా ఫెడరల్ ఉద్యోగాల్లో ఉన్నారు, విదేశీ పోస్టింగ్ అనగానే డబ్బులు వస్తాయని ఎగబడతారు, వాళ్ళకి పనికొస్తుంది.

నేను జీఎస్ స్కేల్ ఉద్యోగిని, అంటే మామూలు ఫెడరల్ సివిల్ ఉద్యోగుల జీతాల స్కేల్. ఏ ఏజెన్సీయో, ఏ దేశమో చెప్పను. ఆఫ్రికాలో ఒక రాజధాని, 25 శాతం పోస్ట్. సెలెక్షన్, మెడికల్ క్లియరెన్స్, టీకాలు, సామాను ప్యాకింగ్ అన్నీ సాఫీగానే అయిపోయాయి, వాటి గురించి రాయడానికేం లేదు.

ముందు ఈ శాతాల సంగతి. హార్డ్‌షిప్ పే, కాగితాల్లో హార్డ్‌షిప్ డిఫరెన్షియల్, అంటే కష్టమైన చోట పనిచేసినందుకు మూల జీతం మీద 5 నుంచి 35 శాతం దాకా, అయిదేసి మెట్లుగా ఇచ్చే అదనపు డబ్బు. రేట్లు స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) పెడుతుంది, విదేశాల్లో పనిచేసే మిగతా ఏజెన్సీల సివిలియన్లకి కూడా అవే రేట్లు. ఆస్పత్రులు ఎలా ఉన్నాయి, గాలి, నీళ్ళు, నేరాలు, స్కూళ్ళు, వాతావరణం, ఒంటరితనం ఇవన్నీ చూసి వేస్తారు. యుద్ధం, ఉగ్రవాదం లాంటివి ఉంటే డేంజర్ పే వేరు, అది 15, 25, 35 శాతం. మన హైదరాబాద్ కూడా హార్డ్‌షిప్ లిస్టులో ఉన్న పోస్టే. 2008లో 'పైగా ప్యాలెస్'లో కాన్సులేట్ తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడ కొత్త బిల్డింగ్‌కి మారారు, అక్కడికి వచ్చే అమెరికన్ ఉద్యోగికి అదనపు జీతం వస్తుంది. ఈ మాట చెప్తే మా బావమరిది "మన ఊర్లో ఉండటం కష్టమా బావా" అని నొచ్చుకున్నాడు. అవమానం అనుకోనక్కర్లేదు, సిటీ గాలి పీల్చేవాళ్ళకి ఎవరికైనా తెలుసు అందులో ఎంత నిజముందో.

ఇక అసలు లెక్క ఎవరూ చెప్పరు. వాషింగ్టన్ చుట్టుపక్కల పనిచేసే జీఎస్ ఉద్యోగికి 2025లో లొకాలిటీ పే (ఉండే ప్రాంతాన్ని బట్టి మూల జీతం మీద కలిపేది) 33.94 శాతం. దేశం దాటగానే అది ఆగిపోతుంది. మూల జీతం లక్ష డాలర్లు అనుకుంటే 33,940 పోయి 25,000 వస్తుంది, అంటే హార్డ్‌షిప్‌కి వెళ్ళి తక్కువ జీతం తీసుకుంటున్నట్టు. ఇల్లు ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి గట్టెక్కుతాం. ఫారిన్ సర్వీస్ వాళ్ళకి (దౌత్య ఉద్యోగులకి) మాత్రం వాషింగ్టన్ లొకాలిటీలో మూడింట రెండొంతులు విదేశంలో కూడా వస్తుంది. పక్కపక్క డెస్కుల్లో కూర్చుని అదే దోమలు కుట్టించుకుంటాం కానీ జీతం లెక్క వేరు. ఇది అన్యాయం అని నేను ఎక్కడైనా అంటాను. పైగా డిఫరెన్షియల్‌కి ట్యాక్స్ ఉంది. ప్రైవేట్ కంపెనీ తరఫున వచ్చినవాళ్ళకి విదేశీ సంపాదన మినహాయింపు ఉంటుంది, ప్రభుత్వ ఉద్యోగికి అదీ లేదు.

చేరగానే ఈ అదనపు డబ్బు కోసం ఎస్ఎఫ్-1190 ఫారం పెట్టాలి, పెట్టాను, డబ్బులు మొదలయ్యాయి.

కథ అక్కడ కాదు. వేసవిలో సెలవు మీద వర్జీనియా ఇంటికి వెళ్ళాం. అమెరికాలో ఉన్న రోజులకి డిఫరెన్షియల్ రాదు, అది నాకు తెలుసు. అందుకే బయల్దేరకముందే ఆపమని 1190 పెట్టాను, కాపీ ఉంచుకున్నాను. తిరిగొచ్చి పే స్టేట్‌మెంట్ చూస్తే ఆగలేదు. వెంటనే మెయిల్ పెట్టాను. "ఆటోమేటిక్‌గా సర్దుబాటు అవుతుంది" అని ఒక లైన్ జవాబు. మళ్ళీ పెట్టాను, జవాబే లేదు. సంవత్సరం మారింది. జనవరిలో డెట్ లెటర్ (బాకీ కట్టమనే నోటీసు) వచ్చింది, అందులో నేను "అర్హత లేకుండా పొందిన" మొత్తం అని. సరే, అర్హత లేదు, ఇచ్చేస్తాను, నేనే కదా అడిగింది ఆపమని! కానీ మొత్తం చూస్తే నా అకౌంట్లో పడినదానికంటే ఎక్కువ. ఫోన్ చేస్తే పే ఆఫీసులో ఆవిడ తాపీగా చెప్పింది, అదే ఏడాదిలో రాబట్టుకుంటే మీ చేతికొచ్చిన నికరం మాత్రమే తీసుకుంటాం, ఏడాది మారితే అప్పుడు కోసిన ట్యాక్స్ కూడా కలిపి గ్రాస్ కట్టాలి అని. ఏడాది ఎవరు మార్చారమ్మా, నా ఫారం మీ దగ్గరే పడి ఉంది కదా అంటే "మీరు తెలిసే డబ్బు ఉంచుకున్నారు కదా" అంది. ఇరవై ఏళ్ళ సర్వీసు. ఒక్క పెన్ను కూడా ఇంటికి తెచ్చుకోలేదు నేను. ఆ మాటతో ఒళ్ళంతా మండిపోయింది, ఆ రోజు మా ఆవిడతో కూడా మాట్లాడలేకపోయాను.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. లెటర్‌లో 30 రోజుల నోటీసు అని పెద్దగా ఉంటుంది, అందరూ అదే చూసి కూర్చుంటారు. కానీ లెటర్ అందిన 15 రోజుల్లోపు హియరింగ్ (విచారణ) అడిగితేనే జీతంలో కోత మొదలవకుండా ఆగుతుంది. ఆ గడువు దాటితే కోసేస్తారు, చేతికొచ్చే జీతంలో 15 శాతం దాకా. వెయివర్ అనేది వేరే అర్జీ, దానికి మూడేళ్ళ టైముంది, కానీ అది పెట్టినంత మాత్రాన కోత ఆగదు. నేను రెండూ పెట్టాను. వెయివర్‌లో మొత్తం మాఫీ అడగలేదు, అడిగితే "నీకు తెలుసుగా" అని కొట్టేస్తారు, న్యాయంగా కూడా అది నాది కాదు. నా చేతికొచ్చింది అణాపైసలతో ఇస్తాను, చేతికి రాని ట్యాక్స్ భాగం మాత్రం మాఫీ చేయండి అని రాశాను. సెలవుకి ముందు పెట్టిన ఫారం, ఆ రెండు మెయిళ్ళు, వాళ్ళ ఒక్క లైన్ జవాబు జత చేశాను. ట్యాక్స్ రిటర్న్‌లో రాబట్టుకోవచ్చు కదా అని హెచ్ఆర్‌లో ఒకాయన ఉచిత సలహా ఇచ్చాడు, తిరిగి కట్టింది 3000 డాలర్లు దాటితేనే అది కుదురుతుంది, దాటకపోతే పోయినట్టే, ఆయనకి అది తెలీదు.

ఫోన్ మాత్రం చేయకండి, అన్నీ రాతలోనే ఉండాలి. ప్రతి పే స్టేట్‌మెంట్ పీడీఎఫ్ మీ సొంత కంప్యూటర్‌లో దాచుకోండి.

2017లో జీఏఓ (అమెరికా ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే సంస్థ) రిపోర్ట్ వచ్చింది, స్టేట్ డిపార్ట్‌మెంట్ 2011 నుంచి 2016 దాకా హార్డ్‌షిప్ పే మీద దాదాపు 73 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టినా, ఆ డబ్బు వల్ల నిజంగా జనం కష్టమైన చోట్లకి వస్తున్నారో లేదో లెక్కగట్టలేదని. నన్నడిగితే చెప్తాను, మనుషులు శాతాలు చూసి వస్తారు, ఇలాంటి లెటర్లు చూసి మళ్ళీ రామంటారు. మా పక్క డెస్క్ అతను పొడిగింపు వద్దని రాసిచ్చేశాడు.

వెయివర్ మెయిల్ రెండే పేరాలు, ట్యాక్స్ భాగం మాఫీ, మిగతాది కట్టండి అని. ఇవాళే మొత్తం ఒకేసారి కట్టేశాను. మొదటి లెటర్‌లో "అర్హత లేకుండా పొందిన" అన్న ముక్క పక్కన, ఉద్యోగి ముందే ఆపమని ఫారం ఇచ్చాడని నా ఫైల్‌లో రాయమని అడిగాను. అది రాసేదాకా వదలను.