తాతయ్య వెర్నియర్, మనవడి తూటాలు

డాలస్‌లో మావారు, మా పదహారేళ్ల అబ్బాయి గ్యారేజీలో కూర్చుని తూటాలు తయారుచేస్తారంటే హైదరాబాద్‌లో ఎవరికీ ఒక పట్టాన మింగుడుపడదు. షూటింగ్ రేంజ్‌లో పేల్చేసిన ఇత్తడి తొడుగుల్లో కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత), తుపాకి మందు పెట్టి, పైన బుల్లెట్, అంటే దూసుకుపోయే మొన, బిగిస్తారు. ఇదంతా కలిస్తేనే తూటా. రీలోడింగ్ అంటారు దీన్ని. సొంత వాడకానికైతే అమెరికాలో ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. ఇక్కడ ఇండియాలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటాల విడిభాగాలు, వాటిని చేసే యంత్రాలు కూడా మందుగుండు కిందే లెక్క. అందుకే ప్రయాణానికి ముందు వాడి బ్యాగు జేబులన్నీ నేనే తిరగేస్తాను.

ఈసారి వాడు తెచ్చుకున్నది కొలతల నోట్‌బుక్ ఒక్కటే. వీళ్లు చేసే .308 విన్‌చెస్టర్ రకం రైఫిల్ తూటా గరిష్ఠ పొడవు అమెరికా ప్రమాణాల ప్రకారం 2.810 అంగుళాలు. అది దాటడం లేదు కానీ, బుల్లెట్‌ని తొడుగులోకి నొక్కే డై (అచ్చు) కదపకపోయినా ఏ రెండు తూటాలూ ఒకే పొడవు రావడం లేదట.

మా నాన్న బాలానగర్‌లో టూల్‌రూమ్ మనిషి, అంటే అచ్చులు, పనిముట్లు తయారుచేసే చోట పనివారు. తుపాకీ ముట్టి ఎరగరు. నోట్‌బుక్ తిరగేసి, "వరసగా పెరిగితే డైని పట్టి ఉంచే లాక్ రింగ్ వదులై ఉండాలి. ఇవి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎక్కడ పెట్టి కొలుస్తున్నావు నాన్నా?" అన్నారు.

"అడుగు నుంచి కొన దాకా, తాతయ్యా."

"డై నొక్కేది కొననేనా?"

కాదు. డై లోపల బుల్లెట్‌ని నొక్కే కడ్డీ, సీటింగ్ స్టెమ్, కొనకు కాస్త దిగువన, వంపు మీద నొక్కుతుంది. వీళ్లు వాడే మ్యాచ్ (పోటీ షూటింగ్) బుల్లెట్లకు కొన బోలుగా, అంచు సమంగా లేకుండా ఉంటుంది. తేడా చాలావరకు ఆ అంచుదే. ఆ రాత్రే వాడు ఫోన్ చేస్తే, మావారు కాలిపర్‌కి (వెర్నియర్ లాంటి కొలత సాధనం) కంపారేటర్ అనే, కొనని వదిలి వంపుని పట్టుకునే ముక్క తగిలించి వంపు దగ్గర కొలిచారు. దాదాపు అన్నీ ఒక్కలాగే వచ్చాయి. తేడా వచ్చిన కొన్ని, చాలాసార్లు పేల్చిన పాత తొడుగులు. ఇత్తడి వాడేకొద్దీ గట్టిపడి, మెడ దగ్గర బుల్లెట్‌ని ఒక్కోటి ఒక్కోలా పట్టుకుంటుంది. "అనీలింగ్ చెయ్యాలి, వేడిచేసి మెత్తబరచాలి" అన్నారు నాన్న, అడక్కుండానే. బుల్లెట్ మరీ లోపలికి దిగితే ప్రెషర్ పెరిగి ప్రమాదమని వీడు ఆయనకి చెప్పాడు. "బాగున్నాను", "చాలు అమ్మమ్మా" దాటని తెలుగుతోనే ఇదంతా ఎలా లాక్కొచ్చాడో!

నాకు ఇష్టమేనా అంటే, పూర్తిగా కాదు. వీడి స్కూల్లోనే కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో డ్రిల్ చేయిస్తారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తేలేదా అని మా తమ్ముడు సర్దిచెబుతాడు. అది ఎయిర్ రైఫిల్, అందులో మందే ఉండదు. ఆ పోలికతో నా టెన్షన్ తగ్గదు. అలాగని, వెయ్యో వంతు అంగుళం కోసం గంటలు కూర్చునే పిల్లాణ్ని మానెయ్యమనడానికీ నోరు రాదు.

అమ్మకి ఈ గొడవేదీ పట్టదు. పక్కింటివాళ్లు అడిగితే మాత్రం, "తాతయ్య దగ్గర లేత్ పని నేర్చుకుంటున్నాడు" అని చెబుతోంది.