బ్యాకప్ ఉంటే చాలదు, దొంగ చేతికి అందకుండా ఉండాలి

యూనివర్సిటీ సర్వర్ల మీద దాడి జరిగిందనగానే "బ్యాకప్ ఉందా?" అని అడుగుతారు. దాదాపు ప్రతిచోటా ఉంటుంది. అడగాల్సింది వేరే: అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే, దాంతోనే బ్యాకప్‌ను కూడా చెరిపేయగలడా?

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో 2019లో జరిగింది ఇదే. అక్టోబర్ మధ్యలో ఫిషింగ్ (నమ్మించి మోసం చేసే) మెయిల్‌లోని లింకు నొక్కడంతో దొంగలు లోపలికి వచ్చారు. అప్‌డేట్లు వేయని సర్వర్లు దొరకడంతో నవంబర్‌లో పూర్తి అడ్మిన్ హక్కులు సంపాదించారు. డిసెంబర్ 23న, సరిగ్గా సెలవుల వేళ, 267 సర్వర్లలోని ఫైళ్లను తెరవడానికి వీల్లేకుండా లాక్ చేసి డబ్బు అడిగారు. కొన్ని కీలక సిస్టమ్‌ల బ్యాకప్‌లు కూడా నెట్‌వర్క్‌కు తగిలించే ఉండటంతో అవీ పోయాయి. చివరికి 30 బిట్‌కాయిన్లు కట్టాల్సి వచ్చింది.

రెండు నెలలకు పైగా దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అంటే 30 రోజుల కాపీలు మాత్రమే దాచుకునే చోట, ప్రతి కాపీలోనూ వాడి జాడ ఉన్నట్టే. అందుకే రోజువారీవి 30తో పాటు నెలవారీవి కనీసం 12 ఉంచండి. దాడి తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను బ్యాకప్ నుంచి తీసుకోవద్దు. దాన్ని కొత్తగా వేసి, డేటా మాత్రమే వెనక్కి తెచ్చుకోండి.

బ్యాకప్ సర్వర్‌ను క్యాంపస్ డొమైన్‌లో (ఒకే అడ్మిన్ లాగిన్‌తో నడిచే కంప్యూటర్ల గుంపులో) చేర్చకండి. దానికి వేరే అకౌంటు, వేరే పాస్‌వర్డ్, ఓటీపీ యాప్ ఉండాలి. ఒక కాపీ క్యాంపస్ బయట, గడువు తీరేదాకా అడ్మిన్ కూడా చెరపలేని స్టోరేజీలో ఉండాలి. బ్యాకప్‌ను తెరిచే రహస్య కోడ్‌ను, అంటే ఎన్‌క్రిప్షన్ కీని, కాగితం మీద ప్రింట్ తీసి, సీలు వేసిన కవర్లో రిజిస్ట్రార్ బీరువాలో పెట్టించండి. కీ కూడా లాకైన సర్వర్లోనే ఉండిపోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. నడుస్తున్న డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేస్తే అది తెరుచుకోకపోవచ్చు. డేటా మొత్తాన్ని సరిగ్గా బయటికి తీసే డేటాబేస్ సొంత డంప్ కమాండే వాడాలి. రెండోది, మార్కుల పట్టికలు బ్యాకప్‌లో ఉంటాయి కానీ స్కాన్ చేసిన జవాబు పత్రాలు, సర్టిఫికెట్ల ఫోల్డరు ఉండదు. అది వేరే డిస్కులో ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

సెమిస్టరుకొకసారి, ఫలితాలు వచ్చాక, నెట్‌వర్క్ లేని మెషీన్‌లో మార్కుల డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి (వెనక్కి తెచ్చి) చూడండి. ఏవో 20 రోల్ నంబర్లు తీసుకుని సంతకాలున్న రిజిస్టరుతో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టండి. పని అయ్యాక ఆ మెషీన్ డిస్కును పూర్తిగా తుడిచేయండి. విద్యార్థుల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఇప్పుడు అందులోనూ ఉన్నాయి, దానికి కాపలా ఎవరూ లేరు.