క్లాసు వాడికి కాదు, మాకు

మా వాడికి 14 నిండేసరికి ఇంట్లో మామూలుగా మాట్లాడుకోవడం అనేదే పోయింది. స్కూలు ఎగ్గొట్టడం, అబద్ధాలు, కోపమొస్తే చేతికందింది విసిరేయడం. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ వాడితో గంటసేపు మాట్లాడి, "ముందు మీరిద్దరూ రండి" అన్నారు. 12 వారాలు, వారానికి రెండు గంటలు, తల్లిదండ్రుల గ్రూపు. నాకు ఒళ్లు మండింది. గోల చేసేది వాడైతే క్లాసు నాకా?

మొదటి వారం బోర్డు మీద గీసింది చూస్తే మా ఇల్లే. ఫోన్ పక్కన పెట్టమంటాను. వాడు అరుస్తాడు. నేను ఇంకా గట్టిగా అరుస్తాను. వాడు తలుపు దడాల్న వేస్తాడు. "నీ ఖర్మ, ఏమైనా చేసుకో" అని వదిలేస్తాను. వాడికి ఫోన్ దక్కింది, నాకు గోల తప్పింది. ఇద్దరికీ లాభమే కాబట్టి మర్నాడూ అదే తంతు. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికా సైకాలజిస్టు ఇలాంటి కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి ఈ చక్రాన్ని వివరించారట. ఒక్కోసారి నా అరుపుకి వాడే తగ్గేవాడు. అరిస్తే పనవుతుందని నేనూ అలాగే నేర్చుకున్నానన్నమాట.

మొదటి హోంవర్క్ తేలిక అనుకున్నాను: రోజుకొక్కసారి మెచ్చుకోవాలి. "మంచి పిల్లాడివి" అంటే చెల్లదు, ఏం చేశాడో చెప్పాలి. "కంచం తీసేశావు, థాంక్స్" అనేదాన్ని. వెంటనే, "రోజూ ఇలా చేస్తే ఏం పోయింది?" అని కూడా అనేసేదాన్ని. ఆ రెండో ముక్క మింగడానికి నాకు మూడు వారాలు పట్టింది. మా ఆయనకి ఇంకా పట్టేలానే ఉంది.

తర్వాత వాడితో కూర్చుని మూడే మూడు రూల్స్ రాసుకున్నాం. చెప్పిన టైముకి ఇంటికి రాకపోతే ఆ సాయంత్రం ఫోన్ ఉండదు. ఆ ఒక్క సాయంత్రమే. అంతకుముందు నెలరోజులు లాక్కునేదాన్ని. అలా చేస్తే మర్నాడు బుద్ధిగా ఉండడానికి వాడికి కారణమే మిగలదు, నేనేమో నాలుగో రోజుకే జాలిపడి ఇచ్చేసేదాన్ని.

ఐదో వారం నరకం. వెటకారాలకి, సణుగుళ్లకి బదులివ్వొద్దన్నారు. కొట్టడం, విసరడం మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేవి కావు. నేను ఊరుకునేకొద్దీ వాడు రెచ్చిపోయాడు. పాత మంత్రం పారనప్పుడు పిల్లలు ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారని, అప్పుడు లొంగితే మొదటికే మోసమని ట్రైనర్ ముందే హెచ్చరించారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ వారమే మానేసేదాన్ని.

అబద్ధాలు ఇంకా పోలేదు. స్కూలు సంగతీ పూర్తిగా కుదుటపడలేదు.

పదకొండో వారంలో ఓరోజు 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. నేనేమీ అనకముందే ఫోన్ తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు.

"ఇవాళ్టికేగా?" అన్నాడు.

"ఇవాళ్టికే" అన్నాను.