పది వాట్లు చాలు

నేను 1989లో ఈసీఈలో, అంటే ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్ ఇంజనీరింగ్‌లో చేరేనాటికి కర్నూలులో ఇంటికి ఫోను పెట్టించుకోవాలంటే దరఖాస్తు ఇచ్చి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆ రోజుల్లోనే మా బ్యాచ్‌లో కొందరం చేతిలో పట్టుకునే చిన్న సెట్టుతో సి క్యాంపులో నిలబడి వెల్దుర్తిలో ఉన్నవాళ్లతో మాట్లాడాం. మా మాటను అందుకుని అంత దూరం చేర్చినది మన కాలేజీ నీళ్ల ట్యాంకు మీద, ఇనుప పెట్టెలో ఉన్న హామ్ రేడియో రిపీటరు. అలాంటిది ఒకటి ఉండేదన్న సంగతే తర్వాతి బ్యాచ్‌లలో చాలామందికి తెలియదని పూర్వ విద్యార్థులం పోయినసారి కలుసుకున్నప్పుడు అర్థమైంది. అందుకే సంచికకు వ్యాసం అడగగానే ఇంకో విషయం వెతుక్కోలేదు.

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో మాట్లాడుకునే అభిరుచి. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం పరీక్ష పెట్టి, వీయూ2 లేదా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తుంది. రాజీవ్ గాంధీ కూడా హామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలయ్యాక మన రాష్ట్రంలో ఈ అభిరుచి బాగా పాకింది. మాకు కమ్యూనికేషన్స్ పాఠం చెప్పిన సార్ అప్పటికే హామ్. క్లాసులో ఆయన చెప్పినది పరీక్షకు పనికొచ్చింది. ల్యాబ్ వెనుక గదిలో నేర్పినది ఉద్యోగంలో ఇప్పటికీ పనికొస్తోంది.

రిపీటరు ఒక ఫ్రీక్వెన్సీ మీద వింటూ, విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద తిరిగి పలుకుతుంది. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న హామ్ బ్యాండులో ఈ రెండింటికీ మధ్య దూరం 600 కిలోహెర్ట్జ్. మాది 145.100 మీద వినేది, 145.700 మీద పలికేది. ఎత్తు మీద ఉంటుంది కాబట్టి కింద ఉన్న చిన్న సెట్ల మాట దానికి చేరుతుంది, దాని మాట చుట్టుపక్కల ఊళ్లకు చేరుతుంది. వినడానికి తేలికగా ఉంటుంది కానీ, మామూలు ట్రాన్స్‌మిటర్‌ను తెచ్చి అక్కడ పెడితే పని జరగదు. దాన్ని విప్పి, చాలా మార్చాలి.

మాకు దొరికినది వేలంలో అమ్మేసిన పాత వాహనపు సెట్టు. 160 మెగాహెర్ట్జ్ దగ్గర, 25 వాట్లతో పనిచేసినది. దాన్ని 145కు దించాలి. ఫ్రీక్వెన్సీ పదో వంతు కంటే తక్కువే దిగినా, కాయిల్, కెపాసిటర్ల లెక్క వర్గంలో నడుస్తుంది కాబట్టి కెపాసిటెన్స్ ఐదో వంతుకు పైగా పెరగాలి. తిప్పి సవరించే చిన్న కెపాసిటర్లను, అంటే ట్రిమ్మర్లను, చివరిదాకా తిప్పినా కొన్ని స్టేజీలు (సిగ్నల్‌ను ఒకదాని తర్వాత ఒకటి మలిచే సర్క్యూట్లు) అందుకోలేదు. వాటికి సార్ చిన్న మైకా కెపాసిటర్లు అదనంగా వేయించారు. సోల్డరింగ్ ఐరన్ కొనను ఆకురాయితో సన్నగా అరగదీసి, పక్కనున్న తీగ కాలకుండా ఆయన ఒక్కో విడిభాగపు కాలును ఎత్తడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చెయ్యి వణకకుండా ఉండాలంటే మోచేతులు బల్లకు ఆనించాలని, ఊపిరి వదులుతూ ముట్టించాలని చెప్పేవారు.

ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్వార్ట్జ్ ముక్కను, అంటే క్రిస్టల్‌ను, బెంగళూరు నుంచి చేయించి తెప్పించాం. అది మోగేది 12.1417 మెగాహెర్ట్జ్ దగ్గర. దాన్ని మొదటి స్టేజీ రెట్టింపు చేసి 24.283కు, తర్వాతిది మూడింతలు చేసి 72.85కు, ఆ పైది మళ్లీ రెట్టింపు చేసి 145.7కు చేరుస్తుంది. మొత్తం పన్నెండు రెట్లు. ఇక్కడే సార్ మమ్మల్ని ఆపి, ఆ క్రిస్టల్‌ను పదితో గుణించమన్నారు. గుణిస్తే 121.417 వచ్చింది. విమానాలు ఆపదలో పిలిచే ఫ్రీక్వెన్సీ 121.5. స్టేజీల ట్యూనింగ్ ఏ కాస్త వదులుగా ఉన్నా, మనకు అక్కర్లేని ఆ పదో రెట్టు యాంటెన్నా దాకా వచ్చేస్తుంది. పవర్ మీటరు ముల్లు మాత్రం నిండుగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే వచ్చే శక్తి ఏ ఫ్రీక్వెన్సీదో దానికి తెలియదు. అందుకే మీటరును నమ్మి ఊరుకోకుండా, యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ అనే రెసిస్టర్ మీద పెట్టి, స్టేజీకి స్టేజీకి మధ్య ఇంకో ట్యూన్డ్ సర్క్యూట్ చేర్చి, చివరికి పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో-పాస్ ఫిల్టరుతో పాటు, 145కు బిగించిన క్యావిటీ అనే లోహపు గొట్టపు ఫిల్టరు పెట్టాం. ఆకాశంలో ఎవరో పైలట్ ప్రాణాపాయంలో పిలిచే చోట మన సరదా వినపడకూడదన్న జాగ్రత్త నాకు అప్పుడే ఒంటబట్టింది.

ఇక పవర్ సంగతి. మాకందరికీ 25 వాట్లూ కావాలి, వీలైతే 50 చేయాలి. సార్ పదికి దించమన్నారు. మేం చిన్నబుచ్చుకుంటే లెక్క వేయించారు. 25 నుంచి 10కి దిగితే పోయేది 4 డెసిబెల్లు. వినేవాడి మీటరు మీద ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్లు. అంటే వెల్దుర్తిలో వినే మనిషి మీటరులో ఒక్క గీత కూడా పూర్తిగా తగ్గదు. ఇటు సెట్టుకు మాత్రం ఆ తేడా చావు బతుకుల సమస్య. వాహనపు సెట్టును అర నిమిషం మాట్లాడి, కొన్ని నిమిషాలు విని, మళ్లీ అర నిమిషం మాట్లాడేవాళ్ల కోసం తయారు చేస్తారు. రిపీటరు మీద ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. ట్రాన్స్‌మిటర్‌కు విశ్రాంతి ఉండదు. కర్నూలు మే నెలలో ట్యాంకు మీది ఇనుప పెట్టె లోపల ఎంత కాగుతుందో మన ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

పవర్ ఎలా తగ్గించాలన్నది ఇంకో పాఠం. డ్రైవ్, అంటే చివరి స్టేజీకి దాని ముందు స్టేజీ ఇచ్చే సిగ్నల్, తగ్గిస్తే చాలని పుస్తకం చూసినవాళ్లకు అనిపిస్తుంది. యాంటెన్నాకు శక్తినిచ్చే చివరి ట్రాన్సిస్టర్, అంటే ఫైనల్, క్లాస్ సి రకం. దానికి డ్రైవ్ అరకొరగా ఇస్తే అది నిలకడ తప్పి, తనంతట తాను పిచ్చి ఫ్రీక్వెన్సీల మీద మోగుతుంది. సార్ డ్రైవ్‌ను ముట్టుకోలేదు. ఫైనల్ స్టేజీకి వెళ్లే 13.8 వోల్టుల తీగను కోసి, మధ్యలో వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పెట్టించి 9 వోల్టులు ఇచ్చారు. శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 25 వాట్లు పదికి కొంచెం పైన వచ్చి నిలిచాయి. మిగులు వోల్టేజిని మోసేది రెగ్యులేటర్‌లోని 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టర్. అది మన ఊళ్లో ఏ రేడియో దుకాణంలోనైనా దొరికేది. ఫైనల్ ట్రాన్సిస్టర్ పోతే మాత్రం మద్రాసుకో బొంబాయికో రాయాలి, నెల ఆగాలి. వేడిని ఖరీదైన ట్రాన్సిస్టర్ నెత్తి మీది నుంచి తీసి చవకైన దాని మీద పెట్టడం, దానికి పెట్టె బయట పెద్ద హీట్ సింక్ బిగించడం: ఇంత చక్కని ఆలోచన నేను తర్వాత పెద్ద కంపెనీల డిజైన్లలో కూడా అరుదుగానే చూశాను.

ఎండ చేసిన ఇంకో పని క్రిస్టల్‌ను కదపడం. క్రిస్టల్ దగ్గర 100 హెర్ట్జ్ జరిగితే పన్నెండు రెట్లయి యాంటెన్నా దగ్గర 1,200 హెర్ట్జ్ జరుగుతుంది. మధ్యాహ్నం ఒక చోట, తెల్లవారుజామున ఇంకో చోట పలుకుతుంది. చల్లబరచడానికి ఏదైనా ఏర్పాటు చేద్దామని మేమంటే, సార్ క్రిస్టల్‌ను ఇంకా వేడి చేయించారు. దాన్ని చిన్న రాగి రేకులో చుట్టి, పక్కన వేడిని పసిగట్టే ఒక థర్మిస్టర్, ఒక ట్రాన్సిస్టర్ పెట్టి, ఎప్పుడూ 65 డిగ్రీల దగ్గరే ఉండేలా చేశాం. బయట ఎంత మండినా పెట్టె లోపల అంతకు చేరదు కాబట్టి క్రిస్టల్‌కు జనవరీ మే ఒకటే. ఆసిలేటర్‌కు విడిగా 9 వోల్టుల రెగ్యులేటర్ 7809 పెట్టాక, ట్రాన్స్‌మిటర్ అందుకున్నప్పుడల్లా మాట తూలడం కూడా పోయింది.

ఎవరైనా బటన్ వదలకపోతే మూడు నిమిషాలకు ట్రాన్స్‌మిటర్‌ను ఆపే టైమరు ఒకటి ఉండాలి. మొదట 555 అనే టైమరు ఐసీతో కట్టాం. చలికాలంలో బాగానే పనిచేసింది. ఎండలు ముదిరాక మూడు నిమిషాలు నాలుగయింది, ఐదయింది, ఒకరోజు అసలు ఆగనే లేదు. కారణం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. వేడికి అందులోంచి కరెంటు కారిపోయి, 555 ఆగడానికి కావలసిన వోల్టేజికి, అంటే సరఫరాలో మూడింట రెండు వంతులకు, అది ఎప్పటికీ చేరదు. దాని బదులు 4060 అనే కౌంటర్ ఐసీ పెట్టాం. అది వేగంగా కొట్టుకునే చిన్న ఆసిలేటర్‌ను రెండుతో విభజిస్తూ పోయి నిమిషాలు లెక్కిస్తుంది, పెద్ద కెపాసిటర్ అవసరమే ఉండదు. ఆ తర్వాత ఏ ఎండాకాలమూ టైమరు తప్పలేదు.

అన్నిటికంటే కష్టమైనది ట్రాన్స్‌మిటర్ రొద. పది వాట్లకూ, రిసీవర్ పట్టుకోవలసిన 0.3 మైక్రోవోల్టుల సిగ్నల్‌కూ మధ్య తేడా ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టిన సంఖ్య కంటే ఎక్కువ. రెండూ ఒకే యాంటెన్నా మీద, ఒకే సమయంలో. బ్యాండుమేళం వాయిస్తూ చీమల అడుగులు వినమన్నట్టుంటుంది. 145.700 మీది అసలు సిగ్నల్‌ను (క్యారియర్) రిసీవర్ వైపు క్యావిటీలు ఆపుతాయి. కానీ ట్రాన్స్‌మిటర్ 145.100 మీద కూడా సన్నగా బుస కొడుతూనే ఉంటుంది. అది రిసీవర్ వినే ఫ్రీక్వెన్సీ కాబట్టి రిసీవర్ వైపు ఏ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. దాన్ని పుట్టినచోటే, ట్రాన్స్‌మిటర్ వైపు క్యావిటీలతోనే అణచాలి. సెట్టులోకి వచ్చే ప్రతి తీగకూ దాని వెంట రొద జారకుండా ఆపే ఫీడ్‌త్రూ కెపాసిటర్ వేసి, స్టేజీల మధ్య రేకు గోడలు సోల్డర్ చేశాం.

ఆ క్యావిటీలు చేసినది పాతబస్తీలో రాగి బిందెలు, కాగులు చేసే మేస్త్రి. పావు తరంగం అంటే దాదాపు 51 సెంటీమీటర్లు. అంత పొడవు కడ్డీని మధ్యలో నిలబెట్టి, చుట్టూ గొట్టం, అతుకు కనపడకుండా. "ఇందులో ఏమి కాస్తారయ్యా?" అని ఆయన అడిగాడు. ఆరింటినీ ఆయన అతికిన తీరు చూసి సార్ వేలితో నిమిరి, మాట రాక నిలబడ్డారు. లోపలి కడ్డీకి మాత్రం రాగి పనికిరాలేదు. 20 డిగ్రీలు వేడెక్కితే రాగి సాగి ట్యూనింగ్ దాదాపు 50 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. వేడికి దాదాపుగా సాగని ఇన్వార్ అనే మిశ్రలోహపు కడ్డీలు సార్ ఎక్కడినుంచో సంపాదించారు.

నేను చదువు ముగించుకుని వెళ్లాక కొన్నేళ్లకు సార్ రిటైరయ్యారు, ట్యాంకుకు మరమ్మతులు వచ్చినప్పుడు పెట్టెను దించేశారు, మళ్లీ ఎవరూ ఎక్కించలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను పరాయి ఊళ్లో ఉండి ఇంటికి ఫోను చేస్తూ కూర్చున్నాను. ఎవరి ఫోనూ కలవలేదు. అంతకు అయిదేళ్ల ముందు సునామీ వచ్చినప్పుడు, హామ్ కార్యక్రమం కోసం అండమాన్‌కు వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వార్తలు అందించిన సంగతి నాకు తెలుసు. నీళ్ల ట్యాంకు వరదకు మునగదు. లారీ బ్యాటరీ మీద పది వాట్లు చాలాసేపు నడుస్తాయి. ఆ రాత్రంతా నేను ఆలోచించినది ఆ పెట్టె గురించే.

సర్క్యూట్ బొమ్మలు, ప్రతి స్టేజీ వోల్టేజి రాసిన నోటుబుక్కు, రెండు క్యావిటీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అవి డిపార్ట్‌మెంటుకు ఇచ్చేస్తాను. ఇప్పటి సెట్లలో ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడి క్రిస్టల్ బదులు, కావలసిన ఫ్రీక్వెన్సీని తయారు చేసే సింథసైజర్ ఉంటుంది కాబట్టి పన్నెండు రెట్ల గొలుసుతో పని లేదు. అయితే సింథసైజర్ రొద క్రిస్టల్ కంటే ఎక్కువ, కాబట్టి క్యావిటీల మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి. పవర్ తగ్గించడం, టైమరు, హీట్ సింక్ అప్పటిలాగే. పిల్లలు ముందుగా లైసెన్సు పరీక్ష రాయాలి, రిపీటరుకు విడిగా డబ్ల్యూపీసీ అనుమతి తీసుకోవాలి. ట్యాంకు మీద చోటు కోసం ప్రిన్సిపల్ గారికి మా బ్యాచ్ తరఫున ఉత్తరం సిద్ధం చేశాను. సంతకం చేయదలచినవాళ్లు సభ రోజున ఈసీఈ ల్యాబ్ దగ్గర నన్ను కలవండి.